అరటిపండు లేని ఆట

సికింద్రాబాదునకు ఉత్తరమున, సైనిక్‌పురికిని కౌకూరునకును సమీపముననున్న యాప్రాల్‌లో, సైన్యమున చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవారి యిండ్లు మెండు. గేటు స్తంభము మీద పేరునకు ముందు హోదాయు, పేరునకు వెనుక ‘రిటైర్డ్’ అను మాటయు చెక్కియుండు అట్టి వీధులలో ఒకదానియందు, ఒక సుబేదారు మేజరుగారి యింటి వసారాలో, కొంతకాలముగా ఆదివారము సాయంకాలమున ఆరుగురు పిల్లలు భోజనపు బల్ల చుట్టును చేరి మూడు నాలుగు గంటలసేపు కదలక కూర్చుండుచున్నారు. బల్ల మీద చదరంగపు పటము లేదు, పేకముక్కలు లేవు. గళ్ల కాగితములు, పెన్సిళ్లు, రబ్బరు ముక్కలు, ఒక లావుపాటి పుస్తకము, స్టీలు గిన్నెలో రంగురంగుల పాచికలు మాత్రము కలవు. వానిలో నాలుగు ముఖములవి మొదలు పన్నెండు ముఖములవి వరకును ఉన్నవి గాని, అన్నింటికంటె తరచుగా చేతికి వచ్చునది యిరువది ముఖములది.

ఆ యింటివారితో నాకు గల చిరపరిచయము వలన ఒక ఆదివారము నేనును అక్కడ కుర్చీ వేసికొని కూర్చుంటిని. కథలో వారు అప్పటికి పాడుపడిన యొక కోటలోని యినుప తలుపు ఎదుటికి వచ్చియుండిరి. పదవ తరగతి చదువుచున్న యొక బాలిక, తాళములు తీయు నేర్పుగల ‘రోగ్’ పాత్రను ధరించియుండెను. రెండు గంటలుగా ఖడ్గధారులు పోరాడిరి, మంత్రజ్ఞుడు మంటలు కురిపించెను. ఆమె మాత్రము తన వంతు కొరకు ఓపికతో వేచియుండి, తాళము వేసిన తలుపు కనబడినదని వినగానే పాచికను చేత బట్టెను. అంతలో మంత్రజ్ఞుని పాత్ర వహించిన యింటర్మీడియట్ కుర్రవాడు, “నేను నాక్ వేస్తున్నా” అనెను. ‘నాక్’ అనునది మూసిన తలుపును తెరచు మంత్రము. కథ నడుపుచున్న సుబేదారు మేజరుగారి మనుమరాలు, ఇంజనీరింగు విద్యార్థిని, “సరే, తలుపు తెరుచుకుంది” అనెను. బాలిక పాచికను గిన్నెలో పడవేసి, “అయితే ఇంక నేనెందుకక్కా? నేను పోయి లోపల మ్యాగీ చేసుకుంటా” అని లేచెను.

అప్పుడు బల్ల చివర కూర్చున్న కళ్లజోడు పిల్లవాడు పుస్తకమును త్రిప్పుచు, “అక్కా, నాక్ వేస్తే మూడొందల అడుగుల దాకా చప్పుడు వినిపించాలి. కాపలావాళ్లు లేస్తారు. బుక్కులో ఉంది” అనెను. మంత్రజ్ఞుడు భగ్గుమనెను. “తెరుచుకుందని అక్క అనేసిన తర్వాత ఇప్పుడు చెప్తే ఎట్లరా? ఇది తొండి!”

తొండి! ఆ మాట చెవిని బడగానే అరువది యేండ్ల నాటి అష్టాచెమ్మా గడులు నా కన్నుల యెదుట నిలిచినవి. ఆటలోని దయ్యములకును దుర్గములకును ఏ దేశపు పేర్లైనను ఉండుగాక, తగవు తెలుగువారి బల్ల మీద పుట్టినపుడు దానికి పేరు తొండియే. తొండి యనగా మోసము కాదు. మోసము చాటున జరుగును. ఉన్న నియమమును లేదనుటయు, లేని నియమమును ఉన్నదనుటయు, పాచిక పడిన పిదప మాట మార్చుటయు, ఇవన్నియు అందరి యెదుట, దబాయింపుతో జరుగునవి గనుక తొండి యనిపించుకొనును. ఇక ఆ బాలిక “నేనెందుకు” అని యడిగినదే, దానికిని మన భాషలో మాట కలదు. చిన్నపిల్లవానిని ఆటకు రానిచ్చి, వాడు దొరికినను దొరకనట్లే, గెలిచినను గెలువనట్లే చూచినపుడు వానిని ‘ఆటలో అరటిపండు’ అందుము. నియమము నిలుకడగా లేదనునది మొదటి ఫిర్యాదు. నియమము నిలుకడగానే యున్నను నాకందులో చోటు లేదనునది రెండవది. ఈ విధమైన క్రీడలు పుట్టిన యేబది యేండ్లకు పైబడిన కాలమున జరిగిన వాదములన్నియు ఈ రెండు ఫిర్యాదుల చుట్టునే తిరిగినవని, ఆ సాయంకాలము మొదలు నేను చదివినంతలో, వినినంతలో, నాకు దృఢముగా తోచినది.

ఎరుగనివారి కొరకు ఆట స్వరూపమును కొంత చెప్పవలెను. దీనికి మూలపురుషు డనదగిన క్రీడ పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. పిల్లలు ‘డీ అండ్ డీ’ యందురు. ఒకరు కథాలోకమును తలచి వర్ణింతురు. వారికి డంజన్ మాస్టరు, క్లుప్తముగా డీఎం అని పేరు. తక్కినవా రొక్కొక్కరును ఒక్కొక్క పాత్రను ధరింతురు. “నీ యెదుట నది పొంగుచున్నది, ఏమి చేయుదువు?” అని డీఎం అడుగును. “ఈదుదును” అని పాత్రధారి చెప్పును. ఈదగలడో లేడో సందేహమైనపుడు పాచిక వేయుదురు. పడిన సంఖ్యకు పాత్ర యొక్క నేర్పును కలిపి, నిర్ణీతమైన సంఖ్యను అందుకొనినచో జయము. ఇందు గెలుపొందువా రొకరు, ఓడువా రొకరు అని లేరు. కథ వారము వారము సాగును.

కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు మజిలీ మజిలీకి గోపకుమారునకు కథ చెప్పుట మనమెరిగినదే. వినువాడు ఏదో యొక వింతను చూచి ప్రశ్నించును, చెప్పువాడు దానినుండి కథ నల్లును. ఆ గోపకుమారుడు నడుమ లేచి, “అట్లు కాదు స్వామీ, ఆ రాజకుమారుని స్థానమున నేనుండినచో గుహలోనికి పోను, గుహ వాకిట మంట పెట్టుదును” అని పట్టుబట్టినచో మణిసిద్ధుడు ఏమి చేయవలెను? కథ తన చేతినుండి జారకుండ, శ్రోత మాట వమ్ము కాకుండ, ఆ మంట ఫలించినదో లేదో తేల్చు మూడవ సాక్షి యొకటి కావలెను. ఆ సాక్షియే పాచిక. ఆ సాక్షిని ఎప్పుడు పిలువవలెనో, అది చెప్పినదాని కర్థమేమో తెలుపునవే నియమములు.

సైనికుల సొత్తు

ఈ తగవు యాప్రాల్ వంటి చోట పుట్టుట ఒక విధముగా పుట్టినింటికి వచ్చుటయే. ఈ క్రీడకు తాతముత్తాతలు సైనికులు. ప్రష్యా దేశమున 1812 ప్రాంతమున రైస్విట్జ్ అను నతడు రాజునకు ఒక యుద్ధక్రీడను సమర్పించెను. సైన్యాధికారియైన అతని కుమారుడు దానిని సంస్కరించి 1824 లో నియమగ్రంథముగా వెలువరించెను. పటము మీద ఒక్కొక్క యెత్తు రెండు నిమిషముల యుద్ధకాలమునకు సమానము. తుపాకి దెబ్బల ఫలితమును పాచికలు నిర్ణయించును. ఇరుపక్షములకును నడుమ మధ్యస్థు డుండును. ప్రష్యా సేనాధిపతులు దీనిని కేవలము వినోదముగా గాక సైనిక శిక్షణగా స్వీకరించి దళములకు పంచిరి.

అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు ఆ సైన్యముననే గొప్ప వాదము రేగినది. పట్టికలు పెరిగి పెరిగి, ఒక చిన్న దళము వంతెన దాటినదో లేదో తేల్చుటకు గంటల కొలది లెక్కలు వేయవలసి వచ్చుచున్నదని మెకెల్ అను అధికారి ఆక్షేపించెను. 1876 లో వెర్డీ దు వెర్నువా యను సేనాని మరియొక అడుగు ముందుకు వేసి, పాచికలను పట్టికలను ప్రక్కకు బెట్టి, అనుభవశాలియైన మధ్యస్థుని విచక్షణకే సమస్తమును విడువవలెనని ప్రతిపాదించెను. నియమబద్ధమైన యుద్ధక్రీడ యొకటి, స్వేచ్ఛాయుద్ధక్రీడ యొకటి, ఇట్లు రెండు మార్గము లేర్పడినవి. కళ్లజోడు పిల్లవాడు మొదటి మార్గమువాడు. “అక్క అనేసింది కదా” అన్న మంత్రజ్ఞుడు, తానెరుగకయే, రెండవ మార్గమువాడు.

ఈ వృత్తాంతమును నేను సుబేదారు మేజరుగారికి చెప్పగా ఆయన తల పంకించి తన అనుభవము నొకదానిని చెప్పెను. “మా ఎక్సర్‌సైజుల్లో అంపైరు చేతికి తెల్ల పట్టీ ఉండేది. ఆయన ‘నీ ప్లటూన్ పోయింది’ అంటే పోయినట్టే. అక్కడ ఎదురు మాట్లాడేది లేదు. కానీ సాయంత్రం అందరం కూర్చున్నప్పుడు ఎందుకు పోయిందో ఆయన చెప్పి తీరాలి. చెప్పలేకపోతే మర్నాడు ఆయన మాట ఎవడూ మనసుతో వినడు.” వెర్డీ ప్రతిపాదనకు తోడు కావలసిన షరతు నాకు యాప్రాల్ వసారాలో దొరికినది: మధ్యస్థుని మాట అప్పటికి శిరోధార్యము, కాని దానికి కారణము చెప్పు బాధ్యత నుండి అతనికి విడుదల లేదు.

ప్రష్యా క్రీడ అమెరికాకు పోయినది. 1880 లో చార్లెస్ టాటెన్ అను సైన్యాధికారి ‘స్ట్రాటెగోస్’ అను యుద్ధక్రీడా గ్రంథమును రచించెను. దాదాపు తొంబది యేండ్ల పిమ్మట, మినెసోటా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఆ పుస్తకము డేవిడ్ వెస్లీ యను యువకుని చేత బడినది. పాత్రధారి యేమి చేయబూనినను దానిని మధ్యస్థుడు ఆలకించి ఫలితము తేల్చవచ్చునను భావము అతని నాకర్షించినది. 1969 లో అతడు ‘బ్రౌన్‌స్టైన్’ అను కల్పిత నగరమును కల్పించి, మిత్రులకు సేనలను గాక ఒక్కొక్క మనిషిని పంచియిచ్చెను. ఆ మిత్రబృందములోనివాడే డేవ్ ఆర్నెసన్. అతడా పద్ధతిని మాంత్రికులును భూతములును గల ‘బ్లాక్‌మూర్’ లోకమునకు మరల్చెను. విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా యను చిన్న ఊరిలోని గేరీ గైగాక్స్ అతనితో కలసి, 1974 లో మూడు చిన్న పుస్తకములు గల యొక పెట్టెగా ఆ క్రీడను ప్రకటించెను. తొలి ముద్రణ వేయి ప్రతులు.

దొంగకంటె ముందు పుట్టిన తాళపుచెవి

ఇచ్చట యాప్రాల్ బాలిక ఫిర్యాదునకు సంబంధించిన యొక చిత్రమైన చారిత్రక సత్యము కలదు. 1974 నాటి మూల గ్రంథమున యోధుడు, మంత్రజ్ఞుడు, పురోహితుడు అను మూడు వర్గములే యున్నవి. తలుపులు తెరచు ‘నాక్’ మంత్రము అందే కలదు. తాళములు తీయు చోరుడు మాత్రము మరుసటి యేడు, 1975 లో, ‘గ్రేహాక్’ అను అనుబంధ గ్రంథముతో నియమములలోనికి వచ్చెను. అనగా చోరుడు పుట్టునప్పటికే అతని వృత్తిని హరించు మంత్రము లోకమున నున్నది! తరువాతివారు ఎన్ని విధముల దిద్దినను ఆ తొలి వరుస క్రమము వలని చిక్కు పూర్తిగా విడిపోలేదు. 2014 నాటి అయిదవ కూర్పులో నాక్ మంత్రమునకు మూడువందల అడుగుల మేర వినబడు చప్పుడును జతచేసియుండుట ఆ చిక్కును సడలించుటకు బాగుగా పనికివచ్చు ఉపాయమని నా యభిప్రాయము. మంత్రజ్ఞుడు తలుపు తెరువగలడు గాని ఊరంతయు మేల్కొనును. చోరుడు తెరచినచో పిల్లి అడుగంత చప్పుడైనను కాదు. ఇరువురును తెరువగలరు, ఇరువురి తెరచుటయు ఒకటి కాదు. ఆటలో సమతౌల్యమనగా నేమో గ్రహింపగోరువారికి ఈ యొక్క చప్పుడును మించిన పాఠము నాకు కనబడలేదు.

తొలినాటివారికి సమతౌల్యచింత లేకపోలేదు. వారు దానిని కాలమున వెదకిరి. ఆరంభమున మంత్రజ్ఞునికి దినమునకు ఒక్కటే మంత్రము. అది చెప్పిన పిదప మరునాటి వరకు యోధుని వెనుక దాగియుండవలసినదే. రెండవ స్థాయికి చేరుటకు యోధునకు 2,000 అనుభవాంకములు, మంత్రజ్ఞునకు 2,500, పురోహితునకు 1,500. ఆదియందు యోధుడు మంత్రజ్ఞుని కాచును, తుదియందు మంత్రజ్ఞుడు యోధుని కాచును, ఋణము తీరిపోవును. ఈ యేర్పాటు కాగితము మీద న్యాయముగనే యుండును. కాని కథ రెండేండ్లు సాగినగాని ఋణము తీరదు. పరీక్షలు వచ్చియో, బదిలీలు వచ్చియో ఆరు నెలలకు ఆగిపోవు బల్లలే యెక్కువ.

2000 లో వెలువడిన మూడవ కూర్పున అన్ని వర్గములకును స్థాయి పెరుగు లెక్కను ఒకటే చేసిరి. తూకపు రాళ్లు తీసివేసినంతట త్రాసు ఒరిగినది. యోధుని బలము అసలు మీది వడ్డీగను, మంత్రజ్ఞుని బలము చక్రవడ్డీగను పెరుగుచున్నవను ఆక్రోశము లోకమంతటను వినబడినది. నేటి కూర్పులోనే చూడుడు: అయిదవ స్థాయి మంత్రజ్ఞుడు విసరు అగ్నిగోళమునకు ఎనిమిది ఆరుముఖముల పాచికలు, సగటు దెబ్బ 28, అదియు గుంపులోని ప్రతివానికిని. అదే స్థాయి యోధునికి రెండు కత్తివ్రేట్లు. కాని అతని వ్రేటు దినమంతయు అలయదు. ఈ రెంటిలో ఏది యెక్కువ యనునది, దినమున ఎన్ని పోరులు జరుగునో దానిని బట్టి యుండును. ఒక్క పోరాటముతో దినము ముగించి అందరిని నిద్రపుచ్చు డీఎం తెలియకయే మంత్రజ్ఞునికి పట్టము కట్టుచున్నది. ఈ సంగతిని నేను ఆ మనుమరాలికి చెప్పబోగా, ఆమె చిరునవ్వుతో తన నోటుబుక్కు చూపినది. దినమునకు కనీసము నాలుగు గండములు ఉండవలెనని ఆమె అదివరకే వ్రాసికొనియున్నది.

2008 లో వచ్చిన నాలుగవ కూర్పు ఈ వ్యాధికి తీవ్రమైన చికిత్స చేసినది. యోధునికిని మంత్రజ్ఞునికిని చోరునికిని ఒకే చట్రము: ఎల్లవేళల వాడదగిన శక్తులు కొన్ని, పోరునకు ఒక్కమారు వాడదగినవి కొన్ని, దినమునకు ఒక్కమారు వాడదగినవి కొన్ని. త్రాసు నిలిచినది. అయినను అనేకులు అసంతృప్తులైరి; కత్తియు మంత్రమును చేతికి ఒకే బరువుగా తోచుచున్నవని వారి బాధ. వారిలో పలువురు, 2009 లో పైజో సంస్థ మూడవ కూర్పు పద్ధతిని నిలబెట్టుచు వెలువరించిన ‘పాత్‌ఫైండర్’ వైపునకు మరలిపోయిరి. నాలుగవ కూర్పును నిందించుట నేడు పరిపాటియైనది గాని, నేను దానిని గౌరవింతును. బల్ల వద్ద ఎవ్వరును అరటిపండు కారాదను సంకల్పమును అంత నిష్ఠతో పట్టుకొన్న కూర్పు వేరొకటి లేదు. దాని లోపమంతయు, చోటు సమానముగా నిచ్చుటకు రూపము కూడ సమానముగా నుండవలె ననుకొనుటయే.

పులి మూడు, మేక పదునైదు

అది యట్లు కానక్కరలేదని మన పులిజూదము చెప్పుచున్నది. ఆలయ మంటపముల రాతిపలకల మీద, రచ్చబండల మీద గీసియుండు ఆ త్రికోణపు గీతలను చూడనివా రరుదు. ఒకవైపు మూడు పులులు, వేరొకవైపు పదునైదు మేకలు. పులి దుమికి చంపును, మేక చంపజాలదు. పులి ఒంటరిగా తిరుగును. మేకకు ప్రక్కన మేక లేనిది బ్రతుకు లేదు. పులిని ఆడువాని విద్య వేరు, మేకను ఆడువాని విద్య వేరు, తుదకు వారి గెలుపునకు అర్థమే వేరు: ఒకరికి చంపుట, ఒకరికి కదలనీయకుండ కట్టివేయుట. ఇంత అసమానమైన బలములను ఎదురెదురుగా నిలిపి, ఆటను రసవత్తరము చేసిన ఆ యజ్ఞాత శిల్పి యెవరోగాని, సమతౌల్యమునకును సారూప్యమునకును సంబంధము లేదని అతడెరుగును. మేకలు పెట్టుటలో తొందరపడు పిల్లవాడు మొదటి పది ఆటలలోను పులులదే పైచేయి యనును; నిదానము నేర్చిన పిదప పులులకు ఊపిరాడదు.

గవ్వల యాటలోను గమనింపదగిన దొకటి కలదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేయుదుము. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, నాలుగును బోర్ల పడిన అష్టా. గవ్వ వెన్నును నోరును సమముగా పడునని యనుకొనినచో ఒక్కొక్కటియు పదునారింట ఒక మారు పడవలెను. ఇరువది ముఖముల పాచిక మీద ఇరువది పడుట ఇరువదింట ఒక మారు. కాని ఏ గవ్వయు అంత సత్యసంధురాలు కాదు. ఒకటి వెన్ను బరువు, ఒకటి నోరు వెడల్పు. అందువలననే గవ్వలను మార్చుటకును, మరల వేయించుటకును ఇంటింటికి వేరు వేరు కట్టుబాట్లు. ఒకని కాయను చంపనిది లోపలి గడులలోనికి పోరాదని ఒక యింట, అక్కరలేదని వేరొక యింట. మేనత్తగారి యింటికి సెలవులకు పోయినపుడు మొదట తేల్చుకొనవలసినది ఈ కట్టుబాట్లనే. తేల్చుకొనక కూర్చుంటిమా, రెండవ పంట పండకముందే ఏడ్పులు. నేటి గల్లీ క్రికెట్టులో ఒక్క పిచ్చు పడిన బంతిని ఒంటిచేత పట్టిన ఔటా కాదా యని ఆట మొదలుకాక ముందే అడుగు పిల్లలు మాకంటె బుద్ధిమంతులు.

నియమమును ముందుగా తేల్చుకొనకపోయిన ఫలితమును మనకు మహాభారతముకంటె భయంకరముగా చెప్పిన గ్రంథము లేదు. సభాపర్వమున దుర్యోధనుడు పందెమొడ్డుట, శకుని పాచికలు వేయుట అను ఏర్పాటును ధర్మరాజు వినెను. ఒకని కొరకు మరియొకడు ఆడుట సరికాదని ఆక్షేపించెను. ఆక్షేపించి, దాని నంతటితో విడిచి, ఆటకు కూర్చుండెను! నియమభంగమును గుర్తించి గూడ పాచికను తాకిన ఆ క్షణమే సర్వనాశమునకు బీజము. పిదప ద్రౌపది సభలో అడిగినది సైతము ఒక నియమప్రశ్నయే: తన్ను తాను ఓడినవానికి నన్ను ఒడ్డు అధికారము కలదా? భీష్మునంతటివాడు ధర్మసూక్ష్మమని తేల్చలేకపోయెను. వికర్ణు డొక్కడు లేచి తీర్పు చెప్పగా వానిని అణచివేసిరి. మధ్యస్థు డుండవలసిన చోట మౌనముండిన ఆటను ఆట యనరాదు.

ఇక సమతౌల్యమునకు సంబంధించిన తగవు ఉద్యోగపర్వమున కలదు. యుద్ధమునకు ముందు భీష్ముడు తమ పక్షపు వీరులను రథులు, అతిరథులు అని లెక్కించుచు, కర్ణుని వంతు రాగా అర్ధరథుడు అనెను. కవచకుండలములు పోయినవనియు, శాపగ్రస్తుడనియు కారణములు చెప్పెను; ద్రోణుడును సరే యనెను. లెక్క తప్పు కాకపోవచ్చును. కాని కర్ణుడు, భీష్ముడు పడువరకు ఆయుధము పట్టనని లేచిపోయెను. పది దినములు కౌరవసేన కర్ణుడు లేకయే పోరినది. “అయితే ఇంక నేనెందుకు” అని లేచిన బాలికకును, ఆ మహావీరునకును గల పోలికను నేను అతిశయోక్తిగా చెప్పుట లేదు. మనిషిని సగముగా లెక్కవేసిన పట్టికలో ఆ మనిషి నిలువడు. అందుచేతనే ఈ క్రీడలలోని లెక్కలను వట్టి పిల్లచేష్ట లనువారితో నేనేకీభవింపజాలను. దెబ్బ సగటు యెంత యనునది పైకి కనబడు ప్రశ్న. దాని క్రింద నున్నది, ఈ కథలో నేను లేనిది గడవని ఘడియ యొకటైనను ఉన్నదా యనునది. అట్టి ఘడియ బల్ల చుట్టునున్న ప్రతివానికిని ఒక్కొక్క సాయంకాలమున ఒక్కటియైనను దక్కినచో, బలములలో ఎంత వ్యత్యాసమున్నను ఆ ఆట సమముగా నున్నట్లే.

ఇందొక ముచ్చట. ఈ క్రీడలోనికి మన రాక్షసులును వలసపోయిరి. 1977 నాటి భూతకోశమున ‘రాక్షస’ యను ప్రాణి పులితలతో చిత్రింపబడి, పురోహితుడు అభిమంత్రించిన బాణము తగిలినచో చచ్చునని వ్రాయబడినది. మన పురాణములలో అట్టి బాణనియమ మెక్కడను లేదు. 1974 నాటి యొక అమెరికా టెలివిజన్ కథనుండి అది వచ్చినది. యాప్రాల్ పిల్లలు దానిని కొట్టివేసి, ఒక్కొక్క రాక్షసునికి ఒక్కొక్క వరమును, ఆ వరమునందే ఒక్కొక్క సందును పెట్టుకొనిరి. హిరణ్యకశిపుని వరమున పగలు రేయి, ఇంట బయట అని ఎన్ని కట్లు వేసినను సంధ్యయు గడపయు మిగిలిపోలేదా? నియమమును అక్షరము అక్షరముగా చదివి సందు కనిపెట్టు ‘రూల్స్ లాయరు’ను ఈ ఆటలవారు విసుగుకొందురు గాని, మనకు నరసింహావతారమే అట్టి సూక్ష్మపఠనము వలన లభించినది.

ఇక ఆ వసారాలోని తగవు తీరిన విధము. మనుమరాలు పుస్తకమును చదివినది, కళ్లజోడు పిల్లవాని మాట నిజమే. ఆమె ఒక నిమిషము మౌనముగా నుండి ఇట్లనెను: “బుక్కులో ఉన్నమాట నిజమే. నేను మర్చిపోయాను. కానీ తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుందని చెప్పేశాను, ఇవాళ మార్చను. వచ్చే ఆదివారం నుంచి నాక్ అంటే చప్పుడే. అందరికీ సరేనా?” మంత్రజ్ఞుడు సరే యనెను. కళ్లజోడు పిల్లవాడు ఆ మాటను నోటుబుక్కులో తేదీతో సహా వ్రాసెను. పిమ్మట ఆమె లోపలివైపు చూచి గొంతు పెంచెను: “ఇదిగో, లోపల గదిలో పెట్టె ఉంది. తాళం కన్నంలో విషపు సూది ఉంది. మంత్రంతో తాళం ఊడుతుంది గానీ సూది ఊడదు. నువ్వు రాకపోతే ఎవరూ ముట్టుకోరు.” బాలిక మ్యాగీ గిన్నెతోనే తిరిగివచ్చి, గిన్నెను ఒడిలో పెట్టుకొని, ఎడమచేత పాచికను వేసెను. పదునేడు పడినది. సూది ఊడివచ్చినది. అయిదుగురును ఒక్కమారు కేకవేసిరి. మంత్రజ్ఞుని కేక అన్నింటికంటె పెద్దది.

సుబేదారు మేజరుగారు ఆ తగవు జరుగుచున్నంతసేపును వార్తాపత్రిక వెనుక నుండి వినుచు, ఒక్క మాటయైనను కల్పించుకొనలేదు. పిల్లలున్న యిండ్ల పెద్దలకు నా విన్నపము కూడ అంతమాత్రమే. మీ వసారాలో నలుగురు చేరి పాచికల మీద గొంతులు పెంచినపుడు, ఆటకేనా యింత రచ్చ యని గదమాయించి బల్ల ఎత్తివేయకుడు, మీ తీర్పును వారిపై రుద్దకుడు. చీకటి పడినచో దీపము వేయుడు. ఎనిమిది గంటలకు భోజనమునకు పిలువుడు.